మట్టి ఇల్లు: ఎండకి గాలి, చలికి వెచ్చదనం

మట్టి గోడ కడితే చాలు, ఇల్లు చల్లగా ఉంటదనుకుంటాం. సగమే నిజం. మన మాచర్ల పక్కనే రెంటచింతల, రాష్ట్రంలో బాగా ఎండ కాసే ఊళ్లలో ఒకటి. ఇక్కడ మధ్యాహ్నం కిటికీ తెరిస్తే లోపలికొచ్చేది వడగాలే.

అడుగున్నర మందం మట్టి గోడలోంచి వేడి లోపలికి దిగడానికి చాలా గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నపు ఎండ రాత్రికి గదిలోకి వస్తుందన్నమాట. ఆ టైంలో గాలి ఆడకపోతే గోడ చల్లారదు. అందుకే పొద్దున 8 గంటలకల్లా కిటికీలు మూసి, బయట చల్లబడ్డాక తెరవండి. వేడి గాలి పైకే పోతుంది కాబట్టి కింద కిటికీ ఒక్కటే చాలదు, పైన గవాక్షం ఉండాలి. పాత మట్టి మిద్దెల్లో పొగా, వేడీ అందులోంచే పోయేవి.

నాపరాయి పునాదికి, నేలకి బాగుంటుంది. కప్పుకి పరిస్తే మాత్రం పైన మందంగా మట్టి వెయ్యాలి, లేకపోతే పలక ఇట్టే కాగుతుంది. గోడకి సిమెంటు పూత వద్దు, లోపలి తేమ బయటికి పోలేక మట్టి మెత్తబడుతుంది. సున్నమో, పేడమట్టో చాలు.

మనకి చలి డిసెంబరు, జనవరి తెల్లవారుజామునే. దక్షిణపు గోడ పగలు తాగిన ఎండే చాలావరకు సరిపోతుంది. కానీ బాలింత గదిలో తలుపులు బిగించి నిప్పుల కుంపటి పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మట్టి గోడ ఊపిరి తీస్తుంది కదా అంటారు. అది పీల్చి వదిలేది తేమని, గదిలో గాలిని మార్చదు. కుంపటి బయటే ఉంచండి. చలికాలమైనా సరే, గవాక్షం పూర్తిగా మూయకండి.