పంపింగ్ తగ్గాక

గుండెపోటు వస్తే ఏం చేయాలో బెజవాడ ఆటోనగర్‌లో ఇప్పుడు చాలామందికి తెలుసు. లారీ బాడీలు కట్టే షెడ్డులో ఎవరికైనా ఛాతీ పట్టేసి చెమటలు పోస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించడం ఇంకా పూర్తిగా పోలేదు గానీ, ఈసీజీ, గడ్డ కరిగించే ఇంజెక్షన్, యాంజియోగ్రామ్, స్టెంట్ అన్న మాటలు వెల్డర్లకీ డ్రైవర్లకీ కూడా నోటికి అలవాటయ్యాయి. దీని వెనక చాలామంది శ్రమ ఉంది. చవక స్టెంట్ కోసం 1990లలో హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి పనిచేశారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. ఒకప్పుడు దారిలోనే పోయే మనుషులు ఇవాళ ఆస్పత్రి నుంచి నడిచి ఇంటికి వస్తున్నారు.

అలా వచ్చినవాళ్ల తర్వాతి బతుకు గురించే నేను చెప్పదలచుకున్నది. పోటు వచ్చినప్పుడు రక్తం అందక గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోతుంది. అది మళ్లీ మొలవదు. మిగిలిన కండరం ఆ పని కూడా తనే మోస్తూ, ఏళ్లు గడిచేకొద్దీ సాగిపోయి నీరసిస్తుంది. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల్లో నీరు, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం. దీన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. ఎకో తీసి ‘పంపింగ్ 30 ఉంది’ అంటారు. గుండె ముప్పై శాతమే మిగిలిందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆ లెక్క వేరు. ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు ఎంత బయటికి పోతుందో అది చెబుతుంది. పూర్తి ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా దాదాపు 55 నుంచి 70 శాతమే పంపుతుంది. కాబట్టి 30 అంటే ప్రమాదమే, కానీ చేతులెత్తేయాల్సిన అంకె కాదు.

చేతులెత్తేయకూడదని ఇంత గట్టిగా అనడానికి కారణం మందులు. గడిచిన పాతికేళ్లలో గుండె వైద్యంలో జరిగిన గొప్ప పని, నా దృష్టిలో, ఆపరేషన్ థియేటర్లో కంటే మాత్రల డబ్బాలోనే ఎక్కువ జరిగింది. స్పైరోనోలాక్టోన్ అనే పాత, చవకైన బిళ్ల తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్‌లో మరణాలను 30 శాతం తగ్గిస్తుందని 1999లో తేలింది. బీటా బ్లాకర్ల మేలు కూడా ఆ రోజుల్లోనే రుజువైంది. షుగర్ మందుగా పుట్టిన డాపాగ్లిఫ్లోజిన్, షుగర్ లేనివాళ్ల నీరసపడ్డ గుండెకు కూడా పనిచేస్తుందని 2019లో బయటపడింది. 2020లో మన దేశంలో దాని పేటెంట్ గడువు తీరడంతో ధర కూడా బాగా దిగింది. సకుబిట్రిల్-వల్‌సార్టన్ గానీ, దాని స్థానంలో పాతతరం బీపీ బిళ్ల గానీ చేరిస్తే మొత్తం నాలుగు రకాలు. ఆయాసం తగ్గగానే వీటిని ఆపేసేవాళ్లే మనలో ఎక్కువ. ఆయాసం తగ్గడానికి ఆ మందులే కారణమని ఓపీలో కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

2013లో తిరువనంతపురం జిల్లాలో 18 ఆస్పత్రులు కలిసి హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన 1,205 మంది వివరాలు నమోదు చేసి, ఏళ్ల తరబడి వాళ్లను కనిపెట్టి చూశాయి. రోగుల సగటు వయసు 61. పంపింగ్ తగ్గినవాళ్లలో ఇవ్వాల్సిన మందులన్నీ అందింది దాదాపు నాలుగో వంతు మందికే. ఐదేళ్లు తిరిగేసరికి మొత్తం రోగుల్లో 59 శాతం మంది చనిపోయారు. చాలా క్యాన్సర్ల లెక్క ఇంత భయంకరంగా ఉండదు. అయినా క్యాన్సర్ అనగానే ఇంట్లో పడే నిశ్శబ్దం ‘కొంచెం పంపింగ్ తగ్గింది’ అన్నప్పుడు పడదు. నిశ్శబ్దమైనా, మాటైనా, ఆ సంగతి ఇంట్లో లెక్కకు రావాలి కదా.

మన డెల్టాలో గుండె జబ్బు పట్నం జబ్బు అన్న భ్రమ పోయి కూడా ఇరవై ఏళ్లు దాటింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, దాదాపు లక్షా ఎనభై వేల జనాభాలో, 2003-04లో జరిగిన 1,354 మరణాలను బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాద్ కేర్ ఫౌండేషన్, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పరిశీలించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, పోయిన మనిషికి చివర్లో ఏయే బాధలు కనిపించాయో అడిగి రాసుకున్నారు. వైద్యులు ఆ కాగితాలు చదివి కారణం నిర్ణయించారు. గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతం. అంటువ్యాధులు 12 శాతమే. వరి చేల మధ్య బతికేవాళ్లను కూడా ఈ జబ్బే ఎక్కువగా తీసుకుపోతోందని ఆ లెక్క చెప్పింది. ఎందుకు పోయారన్నది అలా తెలిసింది. చివరి నెలలు ఎలా గడిచాయన్నది మాత్రం అలాంటి లెక్కల్లోకి రాదు.

దాని గురించి నాకు తెలిసిన మంచి పరిశోధన ఎడిన్‌బరోలో జరిగింది, 2002లో అచ్చయింది. చిన్నది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లు ఇరవైమంది, ముదిరిన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు ఇరవైమంది. పరిశోధకులు వాళ్లతో, ఇంట్లో చూసుకునేవాళ్లతో మళ్లీ మళ్లీ మాట్లాడారు. క్యాన్సర్ రోగి కొంతకాలం బాగానే ఉండి, తర్వాత దిగజారడం మొదలైందంటే అందరికీ కనిపిస్తుంది, సాయమూ అందుతుంది. గుండె రోగి దారి గతుకుల రోడ్డు. నీరు పట్టి ఆస్పత్రిలో పడతాడు, పోయాడనుకుంటారు, ఐదు రోజుల్లో నీరు తీసే ఇంజెక్షన్లతో తేరుకుని ఇంటికొస్తాడు. మళ్లీ రెండు నెలలకు అదే. ప్రతిసారీ గట్టెక్కాడు కనుక ఈసారి కూడా గట్టెక్కుతాడనే అనుకుంటారు. ఆ ‘ఈసారి’ ఏదో ముందుగా కార్డియాలజిస్టు కూడా కచ్చితంగా చెప్పలేడు. అందుకే తమ జబ్బు ఎటు పోతోందో గుండె రోగులకు తక్కువ తెలుసు, వాళ్లకు అందే ఆసరా కూడా తక్కువేనని ఆ పరిశోధకులు రాశారు.

ఎప్పుడో చెప్పలేని చావు గురించి ముందే మాట్లాడుకోవాలి. చివరి రోజులు వచ్చాక మాట్లాడుకుందాం అంటే ఆ రోజులు వచ్చినట్టు తెలిసేసరికి మనిషి వెంటిలేటర్ మీద ఉంటాడు. బెజవాడ చుట్టుపక్కల ఊళ్లలో జరిగేది అదే. పెద్దాయనకు ఏం కావాలో ఎవరూ అడిగి ఉండరు. పెద్ద కొడుకు ఒకటంటాడు, అల్లుడు ఇంకొకటంటాడు, డల్లాస్‌లో ఉన్న చిన్నవాడు ఫోన్లో ‘నేను వచ్చేదాకా ఏదీ తీయొద్దు’ అంటాడు. ఆ మాటలో ప్రేమే ఉంది, తప్పు పట్టలేం. కానీ మంచం మీద ఉన్న మనిషి మాట అందులో లేదు.

ఆ మాట అడిగి తెలుసుకుంటూ బాధ తగ్గించే సేవను పాలియేటివ్ కేర్ అంటారు. అంటే వైద్యం మానేయడమని మనవాళ్ల అనుమానం. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం 2017లో ప్రచురించిన పరిశోధనలో 150 మంది ముదిరిన గుండె రోగుల్లో సగంమందికి మామూలు గుండె వైద్యం, మిగతా సగంమందికి అదే వైద్యంతోపాటు బాధానివారణ బృందం సాయం అందించారు. రెండో గుంపువాళ్ల ఆందోళన, దిగులు, రోజువారీ బతుకు మెరుగయ్యాయి. ఆయుష్షు పెరగలేదు. నా వరకు ఆ మెరుగు చాలా పెద్దది. ఆయాసంతో రాత్రంతా కూర్చునే మనిషిని దగ్గరుండి చూసినవాళ్లెవరైనా ఆ మాటే అంటారు. పాలియేటివ్ కేర్ అవసరమయ్యే పెద్దల్లో గుండె, రక్తనాళాల జబ్బులవాళ్లు 38.5 శాతం, క్యాన్సర్‌వాళ్లు 34 శాతం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో అంచనా వేసింది. మన దగ్గర ఈ సేవ క్యాన్సర్ చుట్టూనే పెరిగింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆస్పత్రి, స్పర్శ్ హాస్పిస్ చేస్తున్న పని ఎంతో గొప్పది. అలాంటిది గుండె ఓపీ పక్కనే ఉండాలని అడగడం అత్యాశ కాదు.

ఆ సేవలో ఉండేవి చాలా మామూలు పనులు. రోజూ పొద్దున్నే బరువు చూడడం, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే నీరు తీసే బిళ్ల మోతాదు గురించి వెంటనే డాక్టరుకు ఫోన్ చేయడం. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు కంచంలో ఎంతవరకో తేల్చుకోవడం. తల వైపు మంచం ఎత్తడం, మొహానికి ఫ్యాన్ గాలి తగిలేలా చూడడం. ఏ మందుకూ లొంగని ఆయాసానికి కొందరికి చాలా తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తారు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆస్పత్రులు దాన్ని ఇవ్వడం సులువైంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ప్రమాదకరంగా లయ తప్పిన గుండెకు లోపలినుంచే షాక్ ఇచ్చే ఐసీడీ అనే పరికరాన్ని కొందరికి ఛాతీలో అమరుస్తారు. ప్రాణం కాపాడే వస్తువే. కానీ మనిషి చనిపోతున్న గంటల్లో కూడా అది తన పని తాను చేసుకుపోగలదు. అమెరికాలో 2004లో ఈ పరికరం ఉండి చనిపోయిన వందమంది కుటుంబాలను అడిగితే, షాక్ ఆపేయడం గురించి వైద్యులు మాట్లాడింది 27 మందితోనే. ఎనిమిదిమందికి చివరి నిమిషాల్లో షాకులు తగిలాయి. ఆపడానికి కోత అక్కర్లేదు, బయటినుంచే కంప్యూటర్‌తో ఆపవచ్చు. అడగాలని తెలియాలి, అంతే.

చట్టం కూడా ఇప్పుడు దారి ఇచ్చింది. గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. అప్పటి పద్ధతి మరీ కష్టంగా ఉండడంతో 2023 జనవరిలో సడలించింది. కోలుకునే ఆశ లేనప్పుడు తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందుగా రాసిపెట్టుకోవచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు, మేజిస్ట్రేటు దగ్గరికి పోనక్కర్లేదు. తన తరఫున మాట్లాడేది ఎవరో పేరు రాయాలి. సమయం వచ్చినప్పుడు ఆస్పత్రిలో ముగ్గురు వైద్యుల బోర్డు, ఆపైన మరో ముగ్గురి బోర్డు పరిశీలిస్తాయి. ఒక్కొక్కటీ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. కాగితం రాయని రోగి విషయంలో కూడా కుటుంబం సమ్మతితో ఇలాంటి పద్ధతే ఉంది. పొలం పంపకాలకు, షెడ్డు అద్దె ఒప్పందాలకు నోటరీ దగ్గరికి పోవడం మనకు కొత్త కాదు. ఈ కాగితం రాయించుకోవడానికి తగిన సమయం, నీరు తగ్గి, నాలుగు మందులూ సర్దుకుని, మనిషి తన కుర్చీలో తాను కూర్చుని కాఫీ తాగుతున్న నెలల్లో ఏదో ఒకటి. ఆ నెలలో తన తరఫున మాట్లాడే మనిషిని కూడా వెంటబెట్టుకుని ఓపీకి వెళ్లాలి. మందులు పూర్తి మోతాదులో ఉన్నాయా, మళ్లీ నీరు పడితే ఇంట్లో ఎంతవరకు చూసుకోవచ్చు, వెంటిలేటర్ పెడితే దానినుంచి బయటపడే అవకాశం ఎంత అన్న మూడు ప్రశ్నలు డాక్టర్ని వెంట వచ్చిన మనిషి సమక్షంలోనే అడగాలి.