లేని లోకానికి భాష రాస్తారా?

చిన్నప్పుడు 'క భాష' మాట్లాడారా? ప్రతి అక్షరం ముందూ ఒక 'క' తగిలించి, 'నువ్వు రా' అనాల్సిన చోట 'కనుకవ్వు కరా' అనడం! ఇంట్లో పెద్దవాళ్ల ముందే రహస్యాలు చెప్పుకోవడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. (ఆ పెద్దవాళ్లకూ అది వచ్చని మనకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది, అది వేరే సంగతి.) కొందరు ఇంకో అడుగు ముందుకేసి నోట్‌బుక్ చివరి పేజీల్లో సొంత లిపి తయారుచేసుకుని అందులో డైరీ కూడా రాసుకుంటారు. ఇంటర్ పూర్తయ్యేసరికి చాలామందికి ఆ పేజీలు ఎక్కడున్నాయో కూడా గుర్తుండదు.

ఇంకా దాచుకున్నవాళ్ల కోసమే ఈ కథనం. సినిమాలకు, సిరీస్‌లకు, వీడియో గేమ్‌లకు కొత్త భాషలు తయారుచేసి పారితోషికం తీసుకుంటున్నవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. అయితే ఒక మాట ముందే చెప్పుకోవాలి. కేవలం ఈ పనితోనే బతికేవాళ్లు చాలా చాలా తక్కువ. ప్లేస్‌మెంట్స్‌లో 'భాషా సృష్టికర్త' అనే పోస్టు మీకు ఎక్కడా కనిపించదు. మరి దీని గురించి ఉద్యోగాల పేజీలో ఎందుకంటారా? ఈ పని చేసినవాళ్లు అక్కడికి చేరడానికి ముందు ఏం చదివారో, దేని మీద బతికారో చూస్తే మీకు పనికొచ్చే దారి ఒకటి కనిపిస్తుంది.

కాలకేయుడు అరిచింది అరుపులు కాదు

2015లో 'బాహుబలి' మొదటి భాగం చూసినప్పుడు, యుద్ధభూమిలో కాలకేయుల నాయకుడిగా ప్రభాకర్ నాలుకతో టకటకమని శబ్దాలు చేస్తూ మాట్లాడుతుంటే హాల్లో సగం మంది నోటికొచ్చిన అరుపులే అనుకున్నారు. కావు. అది కిలికి. తమిళ గీత రచయిత మదన్ కార్కీ ఆ సినిమా కోసం తయారుచేసిన భాష. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో మొదలైంది. 'నేను' అంటే 'మిన్'. దాన్ని తిరగేస్తే 'నిమ్', అంటే 'నువ్వు'. 2020లో అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు దానికి లిపి కూడా విడుదల చేశారు.

కార్కీ ఎవరో చూడండి. ఆస్ట్రేలియాలో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేసి, చెన్నైలోని అన్నా యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత పూర్తిగా సినిమా రచనలోకి వచ్చిన వ్యక్తి. ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు చిన్నపిల్లలతో ఆడుకుంటూ అల్లిన ఒక బుల్లి భాషే కిలికికి విత్తనం. అంటే రాజమౌళి సినిమా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేసరికే ఆయన దగ్గర సరుకు ఉంది.

మాట మారిస్తే భాష అయిపోదు

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 'నీళ్లు'కు ఒక కొత్త మాట, 'నిప్పు'కు ఒక కొత్త మాట పెట్టుకుంటూ వెయ్యి మాటల జాబితా రాసేసి భాష తయారైందనుకుంటారు. కానీ వాక్యం కట్టాల్సి వచ్చేసరికి ఆ కొత్త మాటల్ని తెలుగు వరసలోనో, ఇంగ్లిష్ వరసలోనో పేర్చేస్తారు. అది క భాషే! చొక్కా మారిందంతే, లోపలి మనిషి పాతవాడే.

అసలు పని ఎక్కడుందో తెలియాలంటే క్లింగాన్‌ను చూడాలి. 'స్టార్ ట్రెక్' సినిమాల్లో యుద్ధప్రియులైన గ్రహాంతరవాసుల భాష ఇది. 1979 సినిమాలో నాలుగు ముక్కలుగా వినిపించిన దాన్ని 1984లో వచ్చిన మూడో సినిమా కోసం మార్క్ ఒక్రాండ్ పూర్తి భాషగా మలిచారు. మరుసటి ఏడాది దాని నిఘంటువూ వచ్చింది. గ్రహాంతరవాసుల భాష మనుషుల భాషలా ఉండకూడదు కదా. అందుకని ఒక్రాండ్ వాక్యాన్ని తల్లకిందులు చేశారు. మనం 'పులి మేకను తింది' అంటాం. క్లింగాన్‌లో వరస 'మేక తింది పులి'. ముందు కర్మ, మధ్యలో క్రియ, చివర కర్త. మనుషుల భాషల్లో ఈ వరస చాలా అరుదు. పైగా క్లింగాన్‌లో మన 'ను' లాంటి విభక్తి లేదు. ఎవరు ఎవరిని తిన్నారో చెప్పేది వరస ఒక్కటే. తడబడ్డారా, మేకే పులిని తినేస్తుంది.

శబ్దాల్లోనూ ఇదే అల్లరి. క్లింగాన్‌లో మన 'డ' ఉంది, 'ష' ఉంది, నాలుక మడిచి పలికేవి. కానీ 'డ'కు జోడీగా ఉండాల్సిన 'ట' మాత్రం లేదు. దాని బదులు ఇంగ్లిష్ వాళ్లు పలికే 'ట' ఉంది. మానవ భాషల్లో శబ్దాలు సాధారణంగా జతలు జతలుగా ఉంటాయి కాబట్టి, ఇక్కడ కావాలనే జత చెడగొట్టారు. అమెరికా అభిమానులు కష్టపడి నేర్చుకునే ఆ 'డ'ను మనం ఉగ్గుపాలతోనే నేర్చేసుకున్నాం. ఒకటో తరగతిలో ట, ఠ, డ, ఢ అని వల్లె వేయించినప్పుడు ఇది ఎప్పుడైనా పనికొస్తుందని అనుకున్నారా?

2009లో వచ్చిన 'అవతార్'లోని నావి భాష ఇంకా ముచ్చటగా ఉంటుంది. పాల్ ఫ్రోమర్ దీన్ని 2005 నుంచి కట్టుకుంటూ వచ్చారు. మనం క్రియకు చివర ప్రత్యయం తగిలిస్తాం. నావిలో క్రియను మధ్యలో విడగొట్టి, లోపల దూరుస్తారు. 'తరోన్' అంటే వేటాడు. జరిగిపోయిందంటే 'తమరోన్', జరగబోతోందంటే 'తయరోన్'. ఆ జాతికి చేతికి నాలుగే వేళ్లు. అందుకని వాళ్ల లెక్క పదుల్లో కాదు, ఎనిమిదుల్లో సాగుతుంది. ఇంకోటి చూడండి. మనకు 'మనం' వేరు, 'మేము' వేరు. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లిష్‌కు ఈ తేడా లేదు. నావికి ఉంది! ఇంగ్లిష్ ప్రేక్షకుడు అబ్బురపడే విషయం మనింట్లో రోజూ వాడే సామాను.

ఇక 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లోని డోత్రాకీ. గుర్రాల మీదే బతికే జాతి వాళ్లది. 'బాగున్నావా' అని అడగాలంటే 'స్వారీ బాగా సాగుతోందా' అంటారు. 'థాంక్స్'కు మాటే లేదు. (మన ఇళ్లలో అమ్మకు థాంక్స్ చెప్పినవాళ్లెందరు, చెప్పండి?) భాష రాయడమంటే ముందు ఆ మనుషులు ఏం తింటారో, దేనికి భయపడతారో, ఏది చెప్పకుండానే తెలిసిపోతుందనుకుంటారో తేల్చుకోవడం.

వాళ్లు దేని మీద బతికారు?

మీరు శ్రద్ధగా చదవాల్సింది ఈ భాగం. ఒక్రాండ్ భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. మాట్లాడేవాళ్లు మిగలని ముట్సున్ అనే కాలిఫోర్నియా ఆదివాసీ భాషకు, పాత రాతప్రతుల నుంచి వ్యాకరణం రాయడమే ఆయన పరిశోధన. ఉద్యోగమేమో వినికిడి లోపం ఉన్నవారి కోసం టీవీ కార్యక్రమాలకు సబ్‌టైటిల్స్ ఇచ్చే సంస్థలో. ఆస్కార్ వేడుకకు ఆ పని మీద హాలీవుడ్ వెళ్లినప్పుడే 'స్టార్ ట్రెక్' వాళ్లతో పరిచయమైంది. మొదట వచ్చింది నాలుగు వాక్యాల పని. అప్పటికే ఇంగ్లిష్‌లో తీసేసిన సన్నివేశంలో నటుల పెదాల కదలికకు సరిపోయేలా వేరే భాష మాటలు పుట్టించాలి. మన డబ్బింగ్ రచయితలు రోజూ చేసే పనే! అది బాగా చేశారు కాబట్టి తర్వాతి సినిమాకు క్లింగాన్ అప్పగించారు. ఫ్రోమర్ కూడా భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవారే, కానీ జీతం తీసుకున్నది ఒక బిజినెస్ స్కూల్లో బోధించి.

డేవిడ్ పీటర్సన్ కథ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. భాషాశాస్త్రంలో ఎంఏ చేసి, డోత్రాకీ అవకాశం వచ్చేనాటికి దాదాపు పదేళ్లుగా సరదాకు భాషలు అల్లుతున్నారు. పైసా రాలేదు. 2009లో భాషా సృష్టికర్తల సంఘం ద్వారా టీవీ నిర్మాతలు పోటీ పెట్టినప్పుడు నవలల్లో ఉన్న కొద్దిపాటి డోత్రాకీ మాటల్ని ఏరి, వాటికి సరిపోయే వ్యాకరణం కట్టి, వందల పేజీల ప్రతిపాదన ఇచ్చి గెలిచారు. ఇలాంటి అవకాశానికి గడువు వారాల్లోనే ఉంటుంది. అప్పుడు మొదలుపెడితే అందదు. 'ఫార్ క్రై ప్రైమల్' అనే గేమ్‌కు ఆదిమానవుల భాష కావాల్సి వచ్చినప్పుడు, 'మ్యాన్ ఆఫ్ స్టీల్' సినిమాకు సూపర్‌మ్యాన్ గ్రహం భాష కావాల్సి వచ్చినప్పుడు కూడా యూనివర్సిటీల్లోని భాషాశాస్త్ర, మానవశాస్త్ర నిపుణుల్నే పిలిచారు.

చూశారా? ఒక్కరు కూడా చదువు మానేసి, ఉద్యోగం వదిలేసి 'భాష తయారుచేస్తా' అని కూర్చోలేదు. భాష గురించిన చదువో, భాషతో ముడిపడ్డ ఉపాధో చేతిలో ఉండగా ఈ పని పక్కన నడిచింది. ఇంట్లో నాన్నతో వాదన పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

మన దగ్గర ఎక్కడ చదవాలి?

ఈ విషయంలో హైదరాబాద్ విద్యార్థులు అదృష్టవంతులు. భద్రిరాజు కృష్ణమూర్తి తీర్చిదిద్దిన ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది. ఇఫ్లూ సరేసరి. సాధారణంగా ఏ డిగ్రీ చదివినవారైనా భాషాశాస్త్రంలో ఎంఏకు ప్రయత్నించవచ్చు. అర్హతలు, ప్రవేశ పరీక్షల వివరాలు ఏటా నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి. ఇంటర్‌లో ఎంపీసీ చదువుతున్న తమ్ముడో చెల్లో ఉంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ డ్యూయల్ డిగ్రీ గురించి చెప్పండి. కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్‌లో ఎంఎస్ కలిసి వస్తాయి.

ఉద్యోగాలు ఎక్కువ కనిపించేది ఈ కూడలిలోనే. ఫోన్ మీ మాట విని తెలుగులో రాయాలన్నా, ప్రభుత్వ వెబ్‌సైట్ గోండిలో మాట్లాడాలన్నా శబ్దాలను, ప్రత్యయాలను విడదీసి చెప్పగల మనిషి కావాలి. భారతీయ భాషల కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన 'భాషిణి' లాంటి ప్రాజెక్టులు, అనువాద కంపెనీలు, ఓటీటీలకు సబ్‌టైటిల్స్ చేసే స్టూడియోలు, నిఘంటువుల పని, స్పీచ్ డేటా తయారీ... వీటిలో జీతాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. కేవలం డేటాకు లేబుళ్లు వేసే పనిలో ఇరుక్కుంటే ఎదుగుదల తక్కువ. కొంచెం పైథాన్ నేర్చుకుంటే ఆ గోడ దాటొచ్చు.

కొత్త భాష కట్టాలనుకునేవాళ్లు ముందు తమ పక్కనున్న భాష వినాలి. గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమకారుడిగానే గుర్తుపెట్టుకున్నాం. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. సవరలో నామవాచకాన్ని క్రియలోకే ఇమిడ్చేసి ఒకే మాటగా పలికేస్తారు. తెలుగు మాత్రమే తెలిసినవాడికి కలలో కూడా తట్టని ఏర్పాటు అది. శ్రీకాకుళం, మన్యం జిల్లాల కాలేజీల్లో సవర మాట్లాడే క్లాస్‌మేట్ మీ పక్క బెంచీలోనే ఉండొచ్చు. ఆదిలాబాద్ వైపైతే గోండి, కొలామి. అడిగి చూడండి.

ఈ సెలవుల్లో ఒక ప్రయత్నం

నదిలో పడవల మీదే పుట్టి పెరిగే జనాన్ని ఊహించుకోండి. వాళ్లకు కుడి, ఎడమ ఎందుకు? ఎగువ, దిగువ చాలు. 'నీ ఎగువ చేతిలో ఏముంది?' అని అడుగుతారు. పడవ తిరిగితే ఎగువ చెయ్యి మారిపోతుంది! రెండు పడవల తాళ్లు కలపడమే పెళ్లి. మరి విడాకులకు మాట మీరు పెట్టనక్కర్లేదు, దానంతటదే వచ్చేసింది. ఇలా మొదలుపెట్టి, పాతిక శబ్దాలు మించకుండా ఎంచుకోండి. వాక్యం వరస తేల్చండి. ఇరవై వాక్యాలు రాశాక ఒక పని చేయండి: వాటిని అరిగించండి. మన 'చేయుచున్నాడు' నోళ్లలో నలిగి 'చేస్తున్నాడు' అయింది కదా, అలా. పీటర్సన్ కూడా ముందు పాత రూపం రాసుకుని, తర్వాత దానికి వయసు పెంచుతారు.

ఏఐని అడిగితే నిమిషంలో ఐదొందల మాటలు ఇచ్చేస్తుంది. వాడుకోండి, తప్పులేదు. కానీ ఆ ఐదొందలూ ఒకే నోట్లోంచి వచ్చినట్టు ఉన్నాయో లేదో పట్టుకోవాల్సింది మీరే, అది పట్టుకోగలిగినవాడికే డబ్బిస్తారు. పది పేజీల వ్యాకరణం, మూడొందల మాటలు, మీ గొంతుతో రెండు నిమిషాల ఆడియో. షార్ట్‌ఫిల్మ్ తీస్తున్న స్నేహితుడికో, గేమ్ తయారుచేస్తున్న సీనియర్‌కో చూపించడానికి ఇది చాలు.

ఎవరైనా నిజంగా కొంటామంటే మాత్రం సంతకం పెట్టే ముందు ఒక్కటి అడగండి: భాష ఎవరిది? అమెరికాలో ఒక అభిమానుల సినిమాపై పారామౌంట్ సంస్థ వేసిన కాపీరైట్ దావాలో క్లింగాన్ కూడా మాదేనంది. ఒక భాషకు యజమాని ఉంటాడా అని భాషా సృష్టికర్తల సంఘం కోర్టుకు ఎదురు వాదన సమర్పించింది. 2017లో రాజీ కుదిరింది, ఆ ప్రశ్న తేలకుండానే మిగిలిపోయింది. కాబట్టి కాగితం మీద మూడు సంగతులు రాయించుకోండి. తెర మీద మీ పేరు, సీక్వెల్ వస్తే అదనపు మాటలకు అదనపు పారితోషికం, ఆ భాషను మీ పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే హక్కు.