గీత సరిగా ఉంటేనే కోత సరిగా వస్తుంది

వనపర్తి: కొత్త ఇంటి గేటు మీద పేరు చెక్కించాలని ఈ విలేకరికి ముచ్చట పుట్టింది. పేరును కంప్యూటరులో టైపు చేయించి, ఇనుప రేకుతో సహా కోతకు ఇచ్చి వచ్చాడు. తీరా రేకు చేతికి వచ్చాక చూస్తే సున్న ఉండాల్సిన చోట గుండ్రటి బొక్క కనిపించింది. సున్న నడిమి ముక్క ఊడి కింద పడిపోయింది. గృహప్రవేశం నాటికి ఆ రేకు గేటు ఎక్కలేదు. డబ్బు పోయింది, రేకు పోయింది. తప్పు యంత్రానిది కాదు, కోసినవారిదీ కాదు. ఇచ్చిన బొమ్మదే.

దర్వాజ పలకలు, అల్మారా తలుపులు, పూజగది జాలీలు, గేటు రేకులు సి.ఎన్.సి. యంత్రాల మీద కోయించుకోవడం ఇప్పుడు పల్లెలకూ వచ్చింది. కంప్యూటరులో గీసిన గీత వెంట, అంకెల ప్రకారం కోత పనిముట్టు నడుస్తుంది. చెక్కకు గిర్రున తిరిగే బిట్టు, ఇనుముకు ప్లాస్మా లేక లేజరు వాడతారు. వడ్రంగికి కొలతలో అనుమానం వస్తే రంపం ఆపి సరిచేసుకుంటాడు. యంత్రం ఆగదు. గీసింది గీసినట్టు కోసేస్తుంది. కనుక పొదుపంతా గీత దగ్గరే చేసుకోవాలి.

మనకు కొత్త కాదు

గద్వాల నేతగాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చీర అంచు నమూనాను ముందు గ్రాఫు కాగితం మీద గడి గడిగా నింపుతారు. దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి జకార్డుకు తగిలిస్తారు. ఒక్క రంధ్రం తప్పితే ఆ తప్పు అంచు పొడవునా మళ్లీ మళ్లీ వస్తుంది. ఫ్రాన్సు దేశపు జకార్డు 1804లో తెచ్చిన పద్ధతి ఇది. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థ అంకెలతో నడిచే కోత యంత్రాన్ని చూపినప్పుడు, దానికి ఆజ్ఞలు ఇచ్చిందీ రంధ్రాలు కొట్టిన కాగితపు పట్టీయే. నేటి ఫైలు ఆ అట్టలకు తమ్ముడి వంటిది.

బిట్టు మింగేది ఎంత?

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీటు సుమారు 2440, 1220 మిల్లీమీటర్లు. వెడల్పులో అడుగు పలకలు, అంటే 305 మి.మీ. పలకలు నాలుగు వస్తాయని లెక్క వేస్తాం. రావు. నాలుగు పలకల మధ్య మూడు కోతలు పడతాయి. బిట్టు మందం 6 మి.మీ. అయితే 18 మి.మీ. పొట్టుగా పోతుంది. మిగిలేది 1202. షీటు అంచులు కూడా చెక్కి సరిచేయాలంటే ఒక్కో పలకను 298 మి.మీ.గా గీసుకోవడమే క్షేమం. ఇది ముందే చూసుకోకపోతే నాలుగో పలక కోసం ఇంకో షీటు కొనాలి.

బిట్టు గీతకు బయట నడవాలో, లోపల నడవాలో కూడా చెప్పాలి. సరిగ్గా గీత మీదనే నడిస్తే పలక రెండు వైపులా మూడేసి మి.మీ. తగ్గుతుంది. పెద్ద పలకల సందుల్లో చిన్నవి సర్దితే షీటు ఆదా అవుతుంది. అయితే చెక్క పోగు ఎటు ఉండాలో ప్రతి పలక మీద బాణం గుర్తు పెట్టాలి.

ఇచ్చే ముందు చూడవలసినవి

సెల్‌ఫోనులో తీసిన ఫొటో కోతకు పనికిరాదు. దాన్ని గీతలుగా మార్చాలి. కొలత అంగుళాలా, మిల్లీమీటర్లా అన్నది రాసి ఇవ్వాలి. 30 అంగుళాల తలుపు 762 మి.మీ. ఆ 30ని యంత్రం మిల్లీమీటర్లుగా తీసుకుంటే అగ్గిపెట్టె అంత తలుపు వస్తుంది. గీత ఎక్కడా తెగకుండా మొదలైన చోటే కలవాలి. ఒకదాని మీద ఒకటి రెండు గీతలు ఉంటే బిట్టు ఒకే దారిలో రెండుసార్లు నడుస్తుంది. కాలం వృథా, చెక్క అంచు మాడుతుంది. గుండ్రటి బిట్టు లోపలి మూలలను పదునుగా కోయలేదు. 6 మి.మీ. బిట్టుకు మూలలో 3 మి.మీ. వంపు మిగులుతుంది. అతుకు గాడి గీసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. లోపలి రంధ్రాలు ముందు, బయటి అంచు చివర కోయించాలి. లేకుంటే పలక కదిలి పని చెడుతుంది.

తెలుగు అక్షరాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అక్షరాలు తారుమారవుతాయి. కాబట్టి అక్షరాలను గీతలుగా మార్చి ఇవ్వాలి. అక్షరాన్ని తొలిచి తీసే పనిలో సున్న నడిమి ముక్కకు సన్న పట్టీలు విడవాలి. అక్షరాన్నే ముక్కగా కోసే పనిలో తలకట్లు, ఒత్తులు అసలు అక్షరానికి తగిలి ఉండాలి.

నష్టం ఎవరికి?

షీటు చెడితే కోసినవారు బొమ్మను అంటారు, బొమ్మ గీసినవారు యంత్రాన్ని అంటారు. చివరకు ఆ భారం ఇంటివాడి మీదో, వడ్రంగి కూలి మీదో పడుతుంది. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ మొదలైన ప్రాంతం ఇది. చదువు అంతగా లేని వడ్రంగులకు కూడా ఈ గీత పనిని తెలుగులో కొద్దిరోజులు నేర్పే ఏర్పాటు చేయడం అధికారులకు అసాధ్యమేమీ కాదు. అంతవరకు పనికిరాని ముక్క మీద ఒకసారి కోయించి చూసుకోవడం అందరికీ మంచిది.

ఈ విలేకరి కూడా రెండోసారి ముందు అట్టముక్క మీద కోయించి చూసుకున్నాడు. ఇప్పుడు గేటు మీద సున్న నిలిచింది.