ఆర్గానిక్ బోర్డు సరే.. గుర్తేది?

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు మర్రిచెట్ల రోడ్డు మీద వెళ్తుంటే, అట్టముక్క మీద 'ఆర్గానిక్' అని కనబడితే చాలు, నా బండి దానంతటదే స్లో అవుతుంది. కానీ ఆ మాటకు రుజువేంటి?

ప్యాకెట్ సరుకైతే 'జైవిక్ భారత్' లోగో చూడండి. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలతో నేరుగా మనకే అమ్మే చిన్న రైతుకు 2017 నిబంధనల్లో సర్టిఫికెట్ మినహాయింపు ఉంది. అంటే లోగో లేదని మోసం అనేయలేం. పీజీఎస్ పద్ధతైతే ఇంకా నయం. కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఇంకా మారే దశలో ఉంటే 'పీజీఎస్ గ్రీన్', పూర్తిగా మారాక 'పీజీఎస్ ఆర్గానిక్'. గ్రూపులో ఉన్నారా అని అడగండి, మొహమాటమెందుకు?

1991లో కేంద్రం మట్టికుండ బొమ్మతో 'ఎకోమార్క్' తెచ్చింది. మీరెప్పుడైనా షాపులో చూశారా? నేనైతే చూళ్లేదు. అడిగేవాళ్లు లేకపోతే కంపెనీలకేం పట్టింది! 2024లో రూల్స్ కొత్తగా రాశారు, చూడాలి.

అసలు పెద్ద కస్టమర్ సర్కారే కదా. హాస్టళ్ల కూరగాయల టెండర్లో తక్కువ రేటుతో పాటు పీజీఎస్ గుర్తూ అడిగితే, ఇక్కడి రైతుకు గ్యారంటీ బేరం దొరుకుతుంది. పైగా ఈ చుట్టుపక్కల పొలాల మీద పడ్డ వాన గండిపేట, హిమాయత్‌సాగర్‌లకే చేరుతుంది. ఇక్కడ కొట్టే మందు ఎంత తగ్గితే ఆ చెరువుల్లోకి అంత తక్కువ పోతుంది.