వంద లీటర్ల సముద్రం

మంచినీటి చేపల తొట్టె చూడని పిల్లలు ఇవాళ ఉండరు. ఆదివారం సాయంత్రం బజారుకి వెళ్ళి ఓ గాజు తొట్టె, గాలి పంపు, గుప్పెడు రంగురాళ్ళు, నాలుగు గప్పీలు కొనుక్కుని వస్తే రాత్రి భోజనాల వేళకి అంతా సిద్ధం. ఉప్పునీటి తొట్టె సంగతి అలా కాదు. అందులో చిట్టచివర కొనవలసిన వస్తువు చేప. ఈ ఒక్క ముక్క ఒంటబడితే మిగతాదంతా ఓపిక మీద నడిచిపోతుంది. చెన్నైలో మా ఇంటి హాలులో ఉన్న తొట్టెను చూసినవారు అడిగే ప్రశ్నలకు జవాబుగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ సరదా నిన్నమొన్నటిది కాదు. 1846లో ఆనా థిన్ అనే ఇంగ్లీషు మహిళ టార్కీ సముద్రతీరం నుంచి రాతి పగడాలను లండనులోని తన ఇంటికి తెచ్చి బతికించింది. కరెంటు లేని రోజులు. నీటికి గాలి తగలడానికి పనిమనిషి కిటికీ దగ్గర నిలబడి, మనం కాఫీ చల్లార్చుకున్నట్టు, ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి తిరగబోస్తూ ఉండేదట. తర్వాత 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్ళను తొట్టెలో పేర్చి, గాలి బుడగలు మాత్రం వదిలి, రాళ్ళలోని సూక్ష్మజీవులే నీటిని శుభ్రం చేస్తాయని వ్యాసం రాశాడు. ఈనాటికీ ఈ విద్యకు పునాది అదే.

ముందు తొట్టె. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్నదాంట్లో నిండా పోస్తే 121 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్ళు పోను, పైన కాస్త ఖాళీ వదలగా వంద లీటర్లు మిగులుతాయి. ఇంతకన్నా చిన్నది చవకని అనిపిస్తుంది గాని, నీళ్ళు తక్కువైన కొద్దీ ఏ చిన్న తేడా వచ్చినా జీవాలు తట్టుకోలేవు. అన్నీ కలిపి 150 కిలోల బరువు. కాబట్టి పాత టీపాయ్ మీద పెట్టే ఆలోచన మానుకోండి.

తర్వాత నీరు. సముద్రం పక్కనే ఉంది కదా, ఓ నాలుగు బిందెలు తెచ్చుకుంటే సరిపోదా అంటారు. మెరీనా ఒడ్డున నగరం మురుగు కలుస్తుంది. యానాం వారికి గౌతమి ఒండ్రునీరు. ఒడిషాలోని మన వాళ్ళకు చిలకా సరస్సు దగ్గరే గాని, అందులో ఉప్పదనం వానాకాలం ఒక రకం, వేసవి ఒక రకం. పగడపు దిబ్బ మీది జీవాలకు ఏడాది పొడుగునా ఒకే తీరు నీరు కావాలి. గోదావరి, కృష్ణా నదులు ఇంత ఒండ్రు మోసుకొచ్చే మన కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు పెరగకపోవడానికి కారణం కూడా ఇదే.

పోనీ వంటింటి ఉప్పు కలిపితే? అదీ కుదరదు. నౌపడాలోనో, గంజాం జిల్లా హుమ్మాలోనో ఉప్పుమళ్ళు చూసినవారికి తెలుస్తుంది. నీరు ఎండేటప్పుడు సున్నపు పాలు ముందే అడుగున దిగిపోతుంది, మెగ్నీషియం లవణాలు చివరి చేదునీటిలో ఉండిపోతాయి. మధ్యలో తేలేదే మన ఉప్పు. సముద్రంలోని లవణాల్లో ఆ భాగం దాదాపు 85 శాతం. చేపలకు, నత్తలకు తక్కిన 15 శాతం కూడా అవసరమే. అందుకని అక్వేరియం దుకాణాల్లో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని ఆర్.ఓ. నీటిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన కలుపుకోవాలి. వారానికి పది లీటర్లు మార్చాలి గనుక ఏడాదికి 18 కిలోల పైచిలుకు ఉప్పు ఖర్చవుతుంది. తొట్టె ఖరీదు చూసి బడ్జెట్టు వేసుకునేవారు ఈ నడుస్తున్న ఖర్చును మరిచిపోతారు.

ఇక్కడ నా వృత్తికి దగ్గరైన లెక్క ఒకటుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరవదు. ఫ్యాను గాలికి రోజుకో లీటరు పోయిందనుకోండి. పది రోజుల్లో వంద లీటర్లు తొంభై అవుతాయి. మూడున్నర కిలోల ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. అంటే లీటరుకు 39 గ్రాములు. అసలు ఎక్కడికీ పోలేదు, కాబట్టి పోసేది మంచినీరే కావాలి. ఉప్పునీరు పోశారా, అప్పు మీద అప్పు! తొట్టె అద్దం మీద ఒక గీత గీసి, రోజూ ఆ గీత దాకా నింపితే చాలు.

ఇక అసలైన నిరీక్షణ. నీరు, ఇసుక, రాళ్ళు అమరిన తర్వాత చేప బదులు ఒక పచ్చి రొయ్య ముక్క వేయాలి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైట్‌గా, దాన్ని మరో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది చాలావరకు సహించగలిగేది. ఈ బాక్టీరియా రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నడుస్తున్న తొట్టెలోంచి గుప్పెడు ఇసుక తెచ్చి వేస్తే, పాలకు తోడు పెట్టినట్టు, పని త్వరగా అందుకుంటుంది. మధ్యలో అద్దాలకు, ఇసుకకు గోధుమరంగు పొర పడుతుంది. తొట్టె పాడైందని చాలామంది అక్కడే విసిగి అంతా ఒలకబోస్తారు. అది దానంతట అదే పోతుంది. పరీక్ష సీసాల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగే వరకు చేపల దుకాణం వైపు వెళ్ళకపోవడమే మంచిది. పిల్లలకు ఈ నెలన్నర యమయాతన. మా ఇంట్లో ఖాళీ తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న చుట్టాలు కూడా ఉన్నారు.

రాళ్ళ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. విదేశీ పుస్తకాల్లో కనిపించే తొట్టెల నిండా బతికున్న పగడాలు ఉంటాయి. మన దేశంలో ఆ దారి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులి, ఏనుగు ఉన్న జాబితాలోనే, 2001లో రాతి పగడాలను, సముద్రపు గుర్రాలను కూడా చేర్చారు. నేరం రుజువైతే మూడేళ్ళకు తక్కువ కాకుండా జైలు. చచ్చిన పగడపు ముక్కకూ ఇదే చట్టం వర్తిస్తుంది. అయినా “సార్, చిన్న ముక్కే, ఎవరడుగుతారు” అని బల్ల కింద నుంచి తీసి చూపించే దుకాణదారులు లేకపోలేదు. రామేశ్వరం వెళ్ళినవారు మన్నారు సింధుశాఖ చూసే ఉంటారు. అక్కడి 21 దీవుల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలను సున్నానికీ కట్టడాలకూ ఏళ్ళ తరబడి తవ్విపోశారు. 1986లో జాతీయ పార్కుగా ప్రకటించిన తర్వాత కూడా ఆ తవ్వకాలు వెంటనే ఆగలేదు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ తవ్వకంలో మన హాలు కోసం ఒక వాటా తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

దానికి బదులు రాళ్ళు మనమే చేసుకోవచ్చు. సిమెంటులో నలగ్గొట్టిన గుల్లలు, గళ్ళుప్పు కలిపి ఇసుక గుంటలో పోస్తే వంకర టింకర రాయి తయారవుతుంది. నీళ్ళలో వేస్తే ఉప్పు కరిగిపోయి రాయి నిండా తొర్రలు పడతాయి. బాక్టీరియాకు ఆ తొర్రలే ఇళ్ళు. అయితే సిమెంటు ఘాటు పోవడానికి నీరు మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టాలి. ఏడాది గడిచేసరికి మా రాళ్ళ మీద ఊదారంగు నాచు గట్టిగా పట్టింది. సిమెంటని చెబితే గాని ఎవరికీ తెలియదు.

చేపల్లో మొదటివారికి క్లౌన్ చేపల జంటే తగినది. 2003లో వచ్చిన “ఫైండింగ్ నీమో” సినిమా పుణ్యమా అని పిల్లలందరికీ అది పరిచయమే. హాచరీలో పుట్టినదేనా అని అడిగి మరీ కొనండి. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ, పరంగిపేటలో అణ్ణామలై విశ్వవిద్యాలయం వారు వీటిని కృత్రిమంగా పొదిగించి పెంచారు. సముద్రంలో పట్టినవాటిలో కొన్నిటిని విదేశాల్లో సైనైడు జల్లి మత్తెక్కించి పడతారు. అవి ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు కారణం తెలియకుండా పోతాయి. హాచరీ పిల్ల మాత్రం పదేళ్ళ పైన కూడా బతకగలదు. ఇవన్నీ మగవిగానే ఎదుగుతాయి. జంటలో పెద్దది ఆడదవుతుంది, ఇంటి పెత్తనం దానిదే. మా ఆవిడకు ఈ సంగతి ఎంతో నచ్చింది. ఈ జంటకు తోడుగా నాలుగు నత్తలు, శంఖంలో కాపురముండే ఒకటి రెండు పీతలు చాలు.

మన ఊళ్ళలో పెద్ద శత్రువు ఎండ. నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీరు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. బెంగుళూరు వారికి ఫ్యాను సరిపోవచ్చు గాని, చెన్నైలో మే నెలకు చిల్లరు తప్పదు. దీపం, పంపులు కలిసి రోజుకు ఒక యూనిట్‌కు కాస్త తక్కువ. 200 వాట్ల చిల్లరు పది గంటలు తిరిగితే మరో రెండు యూనిట్లు. రెండు నెలల బిల్లులో 170 యూనిట్లు అదనం, పైగా స్లాబు మారుతుంది! ఇది ముందే చూసుకోండి. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ప్రాణాలు నిలబెడుతుంది. వైర్లు ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా ఉంచితే ఉప్పునీరు కారి స్విచ్చిలోకి పోదు. దోమల మందు ఆ గదిలో కొట్టకండి. గాలి పంపు దాన్నంతా నీటిలోకి తోస్తుంది.

సంక్రాంతికి ఊరు వెళ్ళడం ఎలాగని తరచు అడుగుతారు. మేము ఎదురింటి అబ్బాయికి తాళం ఇచ్చి వెళతాం. మేతను రోజుకొకటి చొప్పున చిన్న పొట్లాలు కట్టి తారీకులు రాస్తాం, ఎందుకంటే ప్రేమ ఎక్కువైతే పిల్లలు డబ్బా అంతా కుమ్మరిస్తారు. పక్కనే మంచినీటి క్యాను, అద్దం మీద గీత. ఏదైనా చేప కనిపించకపోతే రాత్రి అయినా సరే ఫోన్ చేయమని చెబుతాం. క్రిందటి సంక్రాంతికి ఒక్కసారే ఫోన్ వచ్చింది, పీత శంఖం మార్చుకుందని.