పోటు తప్పిన ఇంజను

ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు. ఈ మూడు ఊళ్లనూ కలిపే పెద్ద రోడ్డు చెన్నై నుంచి కోల్‌కతా వెళ్తుంది. ఈ రోడ్డు మీద రాత్రీ పగలూ లారీలు తిరుగుతూనే ఉంటాయి. కొన్ని ధాన్యం, బియ్యం మోస్తాయి. కొన్ని కొల్లేరు ప్రాంతపు చేపల్ని ఐసులో పెట్టి బెంగాల్, అస్సాం దాకా తీసుకుపోతాయి. అంటే వెయ్యి కిలోమీటర్లకు పైనే. దారిలో లారీ ఆగితే ఐసు కరుగుతుంది, చేప పాడవుతుంది.

సొంతానికి ఒక పాత లారీ ఉన్న ఇంటికి అదే ఆధారం. దాన్ని కొనడానికి ఇల్లాలి గొలుసు తాకట్టుకు వెళ్లి ఉండవచ్చు. అందుకే లారీకి వచ్చే జబ్బు గురించి ఇంటి ఆడవాళ్లకూ తెలియాలి. అలాంటి జబ్బుల్లో ఒకటి 'మిస్సింగ్'.

మిస్సింగ్ అంటే ఏమిటి?

ముగ్గురు ఆడవాళ్లు ఒకే రోట్లో వంతులవారీగా దంచుతున్నారు అనుకుందాం. పోటు వెంట పోటు పడుతుంది. ఒకరు రోకలి ఆపేస్తే? చూడక్కరలేదు. చెవికే తెలుస్తుంది.

ఇంజను కూడా అంతే. పాత టాటా, లేలాండ్ లారీల్లో ఎక్కువగా ఆరు సిలిండర్లు ఉంటాయి. ఆరూ వంతులవారీగా పోటు వేస్తాయి. ఒకటి పని మానేస్తే ఇంజను కుంటుతుంది. వణుకుతుంది. బరువు లాగలేదు. డీజిలు ఎక్కువ తాగుతుంది. దీన్నే మెకానిక్కులు 'మిస్ కొడుతోంది' అంటారు.

డీజిలు ఎలా మండుతుంది?

మోటారు సైకిల్లో పెట్రోలును ప్లగ్గు నిప్పురవ్వతో మండిస్తుంది. డీజిలు ఇంజనులో ప్లగ్గు నిప్పు ఉండదు. మరి మంట ఎక్కడిది?

సైకిలు టైరుకు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కుతుంది కదా. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. డీజిలు ఇంజను సిలిండరులో పిస్టను గాలిని ఇంకా చాలా గట్టిగా నొక్కుతుంది. గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ డీజిలును సన్నని తుంపరగా చల్లుతుంది. అది భగ్గున మండి పిస్టనును తోస్తుంది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1897లో ఇలాంటి ఇంజనును నడిపి చూపించాడు. ఆయన పేరే నూనెకూ వచ్చింది.

కాబట్టి పోటు పడాలంటే రెండు కావాలి. డీజిలు సరిగా రావాలి. గాలి గట్టిగా నొక్కుకోవాలి. మిస్సింగుకు కారణం ఎక్కువగా ఈ రెంటిలోనే ఉంటుంది.

ముందు చవక పని

పోటు ఒక పద్ధతి లేకుండా తప్పుతోందా? ఇంజను మొత్తం నీరసంగా ఉందా? అయితే ఆరు సిలిండర్లకూ వెళ్లే డీజిలునే ముందు చూడాలి. ఫిల్టరులో మురికి పట్టి ఉండవచ్చు. డీజిలులో నీళ్లు కలిసి ఉండవచ్చు. పైపులో గాలి చేరి ఉండవచ్చు. ఫిల్టరు మార్చడం, నీళ్లు వదలడం, 'ఎయిర్ తీయడం' చిన్న పనులే. ఖర్చూ తక్కువే.

ఏ సిలిండరు?

పోటు ఒకే వరుసలో, లెక్క ప్రకారం తప్పుతోందా? అయితే ఒక సిలిండరులోనే తేడా ఉండి ఉంటుంది. పాత ఇంజనులో మెకానిక్కు దీన్ని ఇలా పట్టుకుంటాడు. ఇంజనును నిదానంగా నడవనిస్తాడు. ఒక్కో నాజిల్‌కు వెళ్లే పైపు నట్టును కొంచెం వదులు చేస్తాడు. ఆ సిలిండరుకు డీజిలు అందదు. శబ్దం ఇంకా పాడైతే అది అంతవరకూ పని చేస్తున్నట్టే. నట్టు బిగించి తర్వాతది చూస్తాడు. ఏది వదులు చేసినా శబ్దం మారకపోతే, అదే పని మానేసిన సిలిండరు.

తర్వాత ఆ సిలిండరు నాజిల్‌ను బాగున్న పక్క సిలిండరు నాజిల్‌తో మార్చి చూస్తాడు. మిస్సింగు పక్కదానికి వెళ్లిందా? తప్పు నాజిల్‌దే. నాజిల్ ఒక్కటీ బాగు చేయిస్తే చాలు. మిస్సింగు ఉన్నచోటే ఉందా? అప్పుడు పంపు, వాల్వులు, రింగులు, హెడ్డు చూడాలి. ఇవి పెద్ద ఖర్చులు. అందుకే చివర చూడాలి.

అడగడం తప్పు కాదు

తణుకులో ఒక పాత లారీ మిస్ కొడుతోంది అనుకుందాం. మెకానిక్కు "ఇంజను దించాల్సిందే" అన్నాడు. భర్త అప్పు కోసం బయలుదేరాడు. భార్య అడిగింది.

"అన్నయ్యా, ఏ సిలిండరు కొట్టడంలేదో చూశారా?"

"ఇంకా చూడలేదు చెల్లెమ్మా."

"నాజిల్ మార్చి చూశారా?"

"ఆయ్, అదీ చూద్దాం."

అంతే. ఈ రెండు మాటలకు డబ్బు ఖర్చు కాదు. నాజిల్ తప్పయితే అప్పే అక్కరలేకపోవచ్చు. ఇంజను దించక తప్పదని తేలినా, ఎందుకో తెలిసి దించుతారు.

పొగ ఏం చెబుతుంది?

తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే డీజిలు మండకుండా పోతూ ఉండవచ్చు. లేదా సిలిండరులోకి నీళ్లు దిగుతూ ఉండవచ్చు. నల్ల పొగ వస్తే డీజిలు ఎక్కువైంది, లేదా గాలి చాలడంలేదు. నీలం పొగ వస్తే ఇంజనాయిలు మండుతోంది.

జాగ్రత్తలు

నాజిల్ నుంచి వచ్చే డీజిలు ధార చాలా ప్రమాదం. దాని ఒత్తిడి లారీ టైరులోని గాలి కంటే ఇరవై రెట్లు మించి ఉంటుంది. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పైపులు విప్పే పని తెలిసినవాళ్లే చేయాలి. దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

కొత్త లారీల్లో ఒత్తిడి ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. వాటిలో నట్టు వదులు చేసి చూడనే కూడదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న లారీలను కంప్యూటరు పెట్టి చూస్తారు.

మిస్ కొడుతున్న లారీని 'ఈ ఒక్క ట్రిప్పూ' అని తోలకూడదు. మండని డీజిలు ఇంజనాయిలులోకి దిగుతుంది. ఆయిలు పలచబడి రింగులు అరుగుతాయి. నాజిల్‌తో పోయేది ఇంజను మీదికి వస్తుంది.

చెప్పుకోండి చూద్దాం

1. డీజిలు ఇంజనులో ప్లగ్గు నిప్పు లేకుండా మంట ఎలా పుడుతుంది?
2. ఏ సిలిండరు పని మానిందో ఎలా తెలుస్తుంది?
3. మెకానిక్కు "ఇంజను దించాలి" అంటే మీరు ముందు ఏం అడుగుతారు?