ఆయాసం – అడిగి తెలుసుకుందాం

విశాఖపట్నంలో ఓడరేవు ఉంది. అది 1933లో మొదలైంది. ఎంతోమందికి పని ఇచ్చింది. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దించుతారు, ఎత్తుతారు. ఆ దుమ్ము గాలికి లేచి పాతపట్నం ఇళ్ల మీద పడుతుంది. గుమ్మం తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. ఆ దుమ్మునే మనం పీలుస్తాం.

ఆయాసం ఉన్నవాళ్లకు దుమ్ము పడదు. కట్టెల పొయ్యి పొగ, దోమల బత్తి పొగ, చుట్ట పొగ కూడా పడవు.

ఆయాసాన్నే ఉబ్బసం, ఆస్తమా అంటారు. ఊపిరితిత్తులలో గాలి గొట్టాలు ఉంటాయి. అవి లోపల వాస్తాయి, బిగుసుకుపోతాయి. అప్పుడు ఊపిరి ఆడదు. పిల్లికూతలు వస్తాయి. ఇది అంటువ్యాధి కాదు.

ఒక తల్లి ఉందనుకుందాం. కొడుక్కి రాత్రి ఆయాసం వచ్చింది. ఆస్పత్రిలో ఆవిరి మందు పెట్టారు. తగ్గింది. పది రోజులకు మళ్లీ వచ్చింది.

"ఎన్నిసార్లు తిరగాలమ్మా?" అని నర్సమ్మను అడిగింది.

"ఆవిరి మందుతో ఇప్పటి ఆయాసం తగ్గుతుంది. లోపలి వాపు అలాగే ఉంటుంది. వాపు తగ్గడానికి వేరే మందు ఉందమ్మా. డాక్టరు చెప్పినట్టు రోజూ పీల్చాలి" అంది నర్సమ్మ.

"పీల్చే మందు అలవాటైపోతుందట కదా?"

"అది ఒట్టి భయం. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే కొంచెం మందు చాలు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. బాగుందని మనంతట మనం మానకూడదు."

పీల్చే మందునే ఇన్‌హేలర్ అంటారు. ఆయాసాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. అదుపులో పెట్టే మందు ఉంది.

ఆస్పత్రికి వెళితే ఈ నాలుగు అడగండి:

1. ఇది ఆయాసమేనా? గొట్టంలో ఊది చూసే పరీక్ష చేస్తారా?
2. రోజూ వాడే మందు ఏది? ఆయాసం వచ్చినప్పుడు వాడేది ఏది?
3. ఎలా పీల్చాలి? చూపించండి. నేను చేస్తాను, సరిగా ఉందో చూడండి.
4. ఎక్కువైతే ఏం చేయాలి? కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి.

మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇలా అడగడం తప్పు కాదు. మంచి వైద్యం మన హక్కు. ఒక్కరు అడిగితే ఒక బిడ్డకు మేలు. పదిమంది అడిగితే ఆస్పత్రిలో పద్ధతి మారుతుంది. పీల్చే మందు లేకపోతే తెప్పించమని అందరం కలిసి అడుగుదాం.

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. ఆ కాగితం మనమే చదువుకుందాం. పక్కింటి అక్కకూ చదివి చెబుదాం.